ప్రయాణాల్లో ఫొటోలకు ఏ డ్రోన్ కొనాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కళింగపట్నం బీచ్‌లోనైనా, తాటిపూడి గట్టు మీదైనా ఎవరైనా డ్రోన్ బయటికి తీస్తే చాలు, కాసేపట్లో చుట్టూ జనం చేరిపోతారు. ఎంతయింది, ఎక్కడ కొన్నారు, ఎంత దూరం పోతుంది, పోలీసులు ఏమీ అనరా అని అడుగుతారు. మళ్లీమళ్లీ వచ్చే ఆ ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెడదామని ఈ పేజీ. పొలంలో మందు కొట్టే డ్రోన్లు, సర్వే డ్రోన్ల సంగతి ఇందులో లేదు. సెలవు దొరికితే బ్యాగు తగిలించుకుని తిరుగుతూ ఫొటోలు తీసేవాళ్ల కోసం రాశాను.

డ్రోన్ కొనేముందు మొట్టమొదట ఏం చూడాలి?

బరువు. ధర, కెమెరా, బ్రాండ్ అన్నీ దాని తర్వాతే.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ మన దేశంలో డ్రోన్లను బరువును బట్టే విడగొట్టాయి. 250 గ్రాముల వరకు నానో. అది దాటి 2 కిలోల వరకు మైక్రో. ఆపైన స్మాల్, మీడియం, లార్జ్ ఉన్నాయి గానీ వాటితో మనకు పనిలేదు. నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ నిబంధనల ప్రకారం ఉందని ఇచ్చే ధ్రువపత్రం) అక్కర్లేదు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. 250 గ్రాములు దాటిన మరుక్షణం ఈ వెసులుబాట్లు చాలావరకు పోతాయి. సొంత సరదాకు ఎగరేస్తే మైక్రోకు కూడా పైలట్ సర్టిఫికెట్ అడగరు, కానీ టైప్ సర్టిఫికెట్ లేని మోడల్ అయితే దాన్ని నమోదు చేయించుకోవడమే కుదరదు.

ఇక మోసే సంగతి. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కి, ఎక్కడో దిగి ఆటో పట్టుకుని, అక్కడి నుంచి శాలిహుండం కొండ నడిచి ఎక్కేవాళ్లకు బ్యాగులో ప్రతి అరకిలో తెలుస్తుంది. ఇంట్లో వదిలేసి వెళ్లే పెద్ద డ్రోన్ కంటే ఎప్పుడూ బ్యాగులో ఉండే చిన్న డ్రోనే ఎక్కువ ఫొటోలు తీస్తుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. లెక్కలోకి వచ్చేది బ్యాటరీ, కార్డు, రెక్కలు అన్నీ బిగించాక ఉన్న బరువు. కొన్ని 249 గ్రాముల మోడళ్లకు ఎక్కువ సేపు ఎగిరే పెద్ద బ్యాటరీ విడిగా దొరుకుతుంది. అది పెడితే హద్దు దాటిపోతుంది. రెక్కల చుట్టూ బిగించే గార్డులతోనూ అదే జరుగుతుంది.

ఇంత తేలిక డ్రోన్ మన సముద్రపు గాలికి ఆగుతుందా?

ఆగుతుంది. కానీ ఎప్పుడు, ఎటు ఎగరేస్తున్నారో తెలిసి ఎగరెయ్యాలి. మన తీరంలో డ్రోన్ పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి ఈ జవాబు కొంచెం పొడవుగా ఉంటుంది.

చైనా కంపెనీ డీజేఐ చేసే మినీ తరహా డ్రోన్లు సెకనుకు పదిన్నర మీటర్ల గాలిని, అంటే గంటకు 38 కిలోమీటర్ల దాకా తట్టుకుంటాయని కంపెనీ చెబుతుంది. తట్టుకోవడం అంటే ఉన్నచోట నిలబడగలగడం. ఎదురుగాలిలో ఇంటికి రావడం వేరే సంగతి. రమారమి లెక్క ఒకటి చూడండి. డ్రోన్ సొంత వేగం సెకనుకు 10 మీటర్లు, గాలి వేగం 6 మీటర్లు అనుకుందాం. గాలి వెనక నుంచి తోస్తుంటే అరకిలోమీటరు దూరం అరనిమిషంలో వెళ్లిపోతుంది. అదే దూరం తిరిగి రావాలంటే మిగిలే వేగం 4 మీటర్లే. 125 సెకన్లు పడుతుంది. వెళ్లడానికి పట్టినదానికి నాలుగింతలు. బ్యాటరీ సగం ఉంది కదా అని తిప్పుకునే లోపు అది ఎర్రగీత దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే ముందు గాలికి ఎదురుగా పంపాలి. వచ్చేటప్పుడు గాలే తోడు వస్తుంది.

ఇప్పుడు మన బీచ్‌ల సంగతి. తెల్లవారుజామున సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, వెలుగు కూడా బాగుంటుంది. కానీ ఆ వేళ ఉన్న కొద్దిపాటి గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డున నిలబడితే తెలియనంత మెల్లగా ఉన్నా, వంద మీటర్ల ఎత్తులో దాని బలం వేరు. అది డ్రోన్‌ను లోపలికి తోస్తుంది. పొద్దెక్కి ఇసుక వేడెక్కాక గాలి తిరిగి సముద్రం మీంచి ఒడ్డుకు వస్తుంది, మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. ఇక నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి పట్టిందంటే భావనపాడులోనైనా, బారువలోనైనా నీళ్ల మీదికి పంపకండి. అది ఒడ్డు నుంచి దూరంగా లాగే గాలి.

ఎగరేసే ముందు ఒడ్డున ఉన్న జాలర్లను గాలి ఎటు తిరుగుతుందని అడగండి. ఫోన్‌లోని యాప్ ఆ ప్రాంతం మొత్తానికి ఒక లెక్క చెబుతుంది. వాళ్లు ఆ ఒడ్డుకు, ఆ పూటకు చెబుతారు.

ఎక్కువ మెగాపిక్సెల్స్ ఉన్నది తీసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. మెగాపిక్సెల్ అంకె డబ్బా మీద పెద్దగా వేస్తారు, అసలు చూడాల్సింది సెన్సర్, అంటే కెమెరాలో వెలుగును ఫొటోగా మార్చే చిప్, ఎంత పెద్దదని. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేముకు కావలసింది 8 మెగాపిక్సెల్సే. 12 మెగాపిక్సెల్స్ ఉన్న ఫొటో గోడకు తగిలించుకునేంత సైజులో ప్రింటు వేయించుకోవచ్చు.

చిన్న డ్రోన్లలో 1/2.3 అంగుళాల సెన్సర్ మామూలు. దాని మీద వెలుగు పడే చోటు సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. 1/1.3 అంగుళాల సెన్సర్‌లో అది దానికి రెండున్నర రెట్లు. ఒక అంగుళం సెన్సర్‌లో నాలుగింతలు. పట్టపగలు తీసిన ఫొటోలు ఫోన్‌లో చూస్తే ఈ మూడింటికీ తేడా కనిపించదు. పొద్దు వాలాక గంటస్తంభం చుట్టూ దీపాలు వెలిగిన విజయనగరాన్ని తీసినప్పుడు తెలుస్తుంది. చిన్న సెన్సర్‌లో చీకటి ఉన్నచోటల్లా చుక్కలు చుక్కలుగా వస్తుంది, ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోతుంది.

మెగాపిక్సెల్స్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. రా ఫైలు, అంటే సెన్సర్ పట్టిన సమాచారమంతా కుదించకుండా దాచే ఫైలు ఇస్తుందా? ఫోన్‌లో మామూలుగా వచ్చే జేపెగ్ మాత్రమే ఇచ్చే డ్రోన్‌లో తెల్లగా కాలిపోయిన మబ్బును మళ్లీ తెచ్చుకోలేం. రా అయితే చాలావరకు తెచ్చుకోవచ్చు. మన దగ్గర సూర్యోదయం సముద్రంలో నుంచి కాబట్టి ఒకే ఫ్రేములో ఎదురు సూర్యుడు, కింద నీడలో ఉన్న పడవలు రెండూ ఉంటాయి. అలాంటి చోట రా లేకపోతే ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

గింబల్ తప్పనిసరా? ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఉంటే చాలదా?

మూడు వైపులా తిరిగే గింబల్ ఉండాల్సిందే. గాలిలో డ్రోన్ ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. గింబల్ కెమెరానే పట్టి నిలబెడుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఊగిన వీడియోను తర్వాత అంచులు కోసి సరిచేస్తారు. వెలుగు తగ్గితే అది ఫొటోలకు అసలు అక్కరకు రాదు. డబ్బు తక్కువైతే సెన్సర్‌లో ఒక మెట్టు దిగండి గానీ గింబల్ దగ్గర దిగకండి.

ఆన్‌లైన్‌లో మూడు వేలకే 4కే డ్రోన్ అంటున్నారు. కొనొచ్చా?

పిల్లలు హాల్లో ఆడుకోవడానికైతే కొనండి. వీటిలో చాలావాటికి జీపీఎస్ ఉండదు. చెయ్యి వదిలితే ఉన్నచోట నిలబడదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. గింబల్ ఉండదు. 4కే అని రాసినా తీసేది చిన్న సైజు వీడియో, దాన్నే సాగదీసి చూపిస్తుంది. మేడ మీద ఎగరేస్తే పక్కింటి కొబ్బరిచెట్టులో తేలుతుంది. ఆ మూడు వేలు అసలు డ్రోన్ కోసం దాచుకోండి.

మా బావ దుబాయ్‌లో ఉన్నాడు. వచ్చేటప్పుడు తెమ్మంటే చవకగా వస్తుందంటున్నారు. తేవచ్చా?

ఉద్దానం వైపు నుంచి ఈ ప్రశ్న ఎక్కువ. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం మండలాల నుంచి గల్ఫ్‌కు, ఓడల మీదికి పనికి వెళ్లినవాళ్లు చాలామంది. సెలవుకు వచ్చేటప్పుడు ఏదో ఒకటి తేవాలనుకుంటారు.

తేవద్దని చెప్పండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. పూర్తిగా తయారైనదైనా, విడదీసి తెచ్చినదైనా అంతే. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం అనుమతి మీద మినహాయింపు ఉంది. విడిభాగాల మీద నిషేధం లేదు. బ్యాగులో డ్రోన్ దొరికితే కస్టమ్స్ వాళ్లు స్వాధీనం చేసుకోవచ్చు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఇంటికి వచ్చే మనిషిని ఎయిర్‌పోర్టులో ఆ టెన్షన్ పెట్టడం న్యాయం కాదు.

మరి డీజేఐ డ్రోన్లు ఇక్కడి షాపుల్లో ఎలా అమ్ముతున్నారు?

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మినీ 2 విడుదలైంది 2020 నవంబరులో, అంటే నిషేధానికి ముందు. మినీ 4 ప్రో వచ్చింది 2023 సెప్టెంబరులో, అంటే నిషేధం తర్వాత. ముందువి సక్రమంగా దేశంలోకి వచ్చి ఉండొచ్చు. తర్వాతి మోడల్ కౌంటర్ మీద కనిపిస్తే అది ఏ దారిన వచ్చిందో అమ్మేవాళ్లనే అడగాలి. జీఎస్టీ బిల్లు ఇస్తారా, బిల్లు మీద సీరియల్ నంబరు రాస్తారా, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అని అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వెనక్కి వచ్చేయండి.

నన్ను అడిగితే రెండు దారులున్నాయి. ఒకటి, మన దేశంలోనే తయారుచేసి అమ్ముతున్న నానో డ్రోన్లలో మూడు వైపుల గింబల్, జీపీఎస్, రా ఫైలు ఉన్నది వెతకడం. రెండోది, నిషేధానికి ముందు బిల్లుతో కొన్న మినీ 2 లాంటిది ఒకరు వాడినదైనా తీసుకోవడం. మినీ 2 పాతదే. కానీ 249 గ్రాముల లోపు బరువు, మంచి గింబల్, 4కే వీడియో, రా ఫొటో ఉన్నాయి. ప్రయాణాల ఫొటోలకు ఇప్పటికీ పనికొస్తుంది.

వాడిన డ్రోన్ కొనేటప్పుడు ఏమేం చూడాలి?

అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లి, వెలుతురులో, తొందరపడకుండా చూడండి.

ముందు రెక్కలు. ఒక్కో రెక్క అంచు మీద గోరు నడపండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ గాటు పడిందని. రెక్కలు మార్చుకోవచ్చు, ఖర్చు పెద్దది కాదు. కానీ గాటు ఉందంటే దేనికో తగిలిందని అర్థం, అప్పుడు డ్రోన్ చేతుల కీళ్లు, మోటార్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. కరెంటు ఆపేసి ఒక్కో మోటారును వేలితో తిప్పండి. నాలుగూ ఒకేలా తిరగాలి. ఒక్కటైనా గరగరమంటే ఇసుక చేరింది. బీచ్‌లో తిరిగిన డ్రోన్‌కు ఇది మామూలు జబ్బు.

ఆన్ చేయగానే కెమెరా కిందికీ పైకీ పక్కలకూ తిరిగి సూటిగా నిలబడాలి. ఒకవైపు వాలి నిలబడితే, సన్నగా వణుకుతుంటే గింబల్ దెబ్బతింది. దాని రిపేరు ఖర్చుకు ఇంకో డ్రోన్ సగం వస్తుంది. తర్వాత యాప్‌లో బ్యాటరీ సమాచారం తెరిచి ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో చూడండి. బ్యాటరీని బల్ల మీద పెట్టి చూడండి. పొట్ట ఉబ్బి ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి, అది ప్రమాదం.

డబ్బు చేతిలో పెట్టేముందు, డ్రోన్‌ను వాళ్ల అకౌంటు నుంచి తీసేయించి మీ అకౌంటుకు మీ ఎదురుగానే కలిపించుకోండి. అలా చేయకపోతే ఇంటికి వచ్చాక మీ ఫోన్‌లో అది మొరాయిస్తుంది.

నమోదు చేయించాలా? లైసెన్సు కావాలా?

నమోదు చేయించాలి. పౌర విమానయానాన్ని చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ ఆన్‌లైన్ వేదికలో డ్రోన్‌కు ఒక ప్రత్యేక గుర్తింపు నంబరు ఇస్తారు. నానోకు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. మైక్రోను డబ్బు తీసుకుని చేసే పనికి వాడితే డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి. పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఈ తేడా తెలుసుకుని డ్రోన్ ఎంచుకోవడం మంచిది. రూల్స్ మీరితే జరిమానా లక్ష రూపాయల వరకు ఉంటుంది.

మన జిల్లాల్లో ఎక్కడ ఎగరెయ్యొచ్చు?

దేశం మొత్తాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులుగా విడగొట్టిన మ్యాప్ 2021 సెప్టెంబరు నుంచి ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆకుపచ్చలో 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు విడిగా అనుమతి అక్కర్లేదు. పసుపులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల వరకు పసుపు. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల వరకే ఆకుపచ్చ, ఆపైన పసుపు.

ఇది మనకెందుకంటే భోగాపురం. అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం అక్కడిదే. భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీరానికి, అంటే కోనాడలో చంపావతి సముద్రంలో కలిసేచోటికో చింతపల్లి లైట్‌హౌస్ దగ్గరికో వెళ్లేవాళ్లు పాత వీడియోలు చూసి నమ్మకం పెట్టుకోవద్దు. ఎవరో ఎప్పుడో ఎగరేశారని ఇప్పుడూ కుదురుతుందని కాదు. వెళ్లే రోజు ఉదయం మ్యాప్ తెరిచి చూడాలి. విశాఖ వైపు వెళ్తే ఇంకా జాగ్రత్త. అక్కడి విమానాశ్రయమే నేవీది, చుట్టూ రక్షణ స్థలాలు.

మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉన్నా పోలీసులు ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలికంగా ఎరుపు చేయొచ్చు. ఎస్పీ స్థాయి అధికారికి ఆ అధికారం ఉంది. వీఐపీలు వచ్చే రోజుల్లో, పెద్ద జాతరలప్పుడు ముందే స్టేషన్‌లో కనుక్కోండి.

గుళ్లు, కోటలు, బౌద్ధ స్థలాల మీద తీయొచ్చా?

శ్రీముఖలింగం, శాలిహుండం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అక్కడ రాతపూర్వక అనుమతి లేకుండా డ్రోన్ తీయకండి. శాలిహుండంలో నిజానికి డ్రోన్ అవసరం కూడా తక్కువే. కొండ మీద స్థూపాల దగ్గర నిలబడితే కింద వంశధార మొత్తం కనిపిస్తుంది, చేతిలోని కెమెరాతోనే మంచి ఫొటో వస్తుంది.

పైనుంచి చూస్తేనే అర్థమయ్యేది విజయనగరం దగ్గరి రామనారాయణం. ప్రాంగణం మొత్తం ఎక్కుపెట్టిన విల్లు ఆకారంలో కట్టారు. నేల మీద నడిచేవాళ్లకు ఆ రూపం తెలియదు. కానీ అది దేవాలయం, దాన్ని నడిపేవాళ్లున్నారు. ఆఫీసుకు వెళ్లి మర్యాదగా అడగండి. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. అరసవల్లి, శ్రీకూర్మం, రామతీర్థం దగ్గర కూడా ఇదే పద్ధతి. భక్తులు దణ్ణం పెట్టుకుంటుంటే నెత్తి మీద రెక్కల మోత చాలా ఇబ్బంది.

పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం డ్రోన్‌తో తీయాలని ఉంది.

వద్దు. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరం వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. సిరిమాను అనే పొడవాటి మాను చివర పూజారి ఎత్తున కూర్చుని ఉంటారు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అక్కడ ఒక్క రెక్క విరిగినా డ్రోన్ పడేది మనుషుల మీదే. 249 గ్రాములైనా ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి పడితే తల పగలొచ్చు. ఏదైనా మేడ మీద చోటు సంపాదించి మామూలు కెమెరాతో తీయండి. సిరిమాను ఎత్తుకు మేడ ఎత్తు సరిపోతుంది కూడా.

తేలినీలాపురం పక్షులను పైనుంచి తీస్తే ఎలా ఉంటుంది?

దయచేసి ఆ పని చేయకండి. ఈ పేజీలో నేను బతిమాలి అడిగేది ఇది ఒక్కటే.

టెక్కలి మండలం తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు అలాగే వస్తాయి. ఊళ్లోవాళ్లు వాటిని ఇంటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. డ్రోన్ చప్పుడు పైనుంచి వస్తే తల్లి పక్షికి అది గద్ద కిందే లెక్క. గూడు వదిలి ఒక్కసారిగా లేస్తుంది. ఆ కుదుపుకు గుడ్డు దొర్లిపోవచ్చు, రెక్కలు రాని పిల్ల కింద పడొచ్చు. తల్లి లేని ఆ కాసేపట్లో కాకి వచ్చి తన పని చేసుకుపోతుంది. మీకు దక్కేది భయపడి ఎగిరిపోతున్న పక్షుల వీడియో. గూటి మీద నిమ్మళంగా కూర్చున్న పక్షి ఫొటో కావాలంటే కింద నుంచి పొడవాటి లెన్సుతోనే సాధ్యం.

బారువ లాంటి చోట్ల ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల విషయం కూడా అంతే. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. రాత్రిపూట లైట్ల డ్రోన్‌తో ఆ ఒడ్డుకు వెళ్లకండి. పిల్ల తాబేళ్లు వెలుగు కనిపించిన వైపు నడుస్తాయి, సముద్రం వైపు వెళ్లాల్సినవి దారి తప్పుతాయి.

గద్దలు మాత్రం తిరగబడతాయి. బీచ్‌లో చేపలు ఆరబెట్టిన చోట అవి తిరుగుతుంటే ఎగరెయ్యకండి. గాలిలో ఉండగా గద్ద మీదికొస్తే డ్రోన్‌ను సూటిగా పైకి లేపండి. పక్షి అంత వేగంగా నిలువునా ఎక్కలేదు.

బ్యాటరీలు ఎన్ని కొనాలి?

మూడు. కంపెనీ 31 నిమిషాలో 34 నిమిషాలో అని రాస్తుంది. అది గాలి లేని చోట, బ్యాటరీ చివరి చుక్క దాకా వాడితే వచ్చే లెక్క. మన తీరంలో 30 శాతం దగ్గర దింపేయాలి కాబట్టి చేతికి దక్కేది 20 నిమిషాలకు అటూ ఇటూ.

ఏప్రిల్, మే నెలల్లో ఎండే పెద్ద సమస్య. ఇలాంటి డ్రోన్లు ఎక్కువలో ఎక్కువ 40 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినవి. తలుపులేసి ఎండలో ఆపిన కారులో అంతకు చాలా ఎక్కువ ఉంటుంది. బ్యాటరీలు అందులో వదలకండి. ఎగిరి దిగిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి. వారాల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌లో ఉంచండి. విమానంలో వెళ్తే బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టుకోవాలి.

ఎన్‌డీ ఫిల్టర్లు కావాలా?

ఇవి లెన్సు ముందు బిగించి వెలుగు తగ్గించే నల్లద్దాలు. ఫొటోలకు అక్కర్లేదు. వీడియోకు పనికొస్తాయి. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షటర్ సెకనులో 1/50 వంతు దగ్గర ఉంటే కదలిక కంటికి సాఫీగా ఉంటుంది. మధ్యాహ్నం బీచ్‌లో ఎఫ్ 2.8 లెన్సుతో 1/50 రావాలంటే ఎన్‌డీ 64 దాకా కావాలి. ఉదయం, సాయంత్రం ఎన్‌డీ 16 సరిపోతుంది. మొదటి కొన్ని నెలలు ఇవి లేకుండానే నడిపించండి.

ఇసుక, ఉప్పుగాలి వల్ల పాడవదా?

పాడవుతుంది. ఇసుక మీంచి నేరుగా లేపకండి. రెక్కల గాలికి లేచిన ఇసుక మోటార్లలోకి, గింబల్‌లోకి దూరుతుంది. ఒక మడత చాప లేదా బ్యాగు మూత పరిచి దాని మీంచి లేపండి. ఇంటికొచ్చాక కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో ఒళ్లంతా తుడిచి, ఆరాక లోపల పెట్టండి. అలల మీద రెండు మీటర్ల కంటే కిందికి దించకండి. కింద ఉన్న సెన్సర్లు నేలను చూసి ఎత్తు తెలుసుకుంటాయి. కదిలే నీళ్లు వాటిని తికమక పెడతాయి.

వానలో?

చినుకు పడితే దింపేయండి. ఈ డ్రోన్లు తడవడానికి చేసినవి కావు.

రిటర్న్ టు హోమ్ ఉంది కదా, దిగులెందుకు?

ఎత్తు సరిగ్గా పెట్టకపోతే అదే ముంచుతుంది. సిగ్నల్ తెగినా, బ్యాటరీ తగ్గినా డ్రోన్ మీరు పెట్టిన ఎత్తుకు ఎక్కి సూటిగా బయలుదేరిన చోటికి వస్తుంది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఇరవై మీటర్లు దాటి ఉంటాయి. పక్కన సెల్ టవరో, హైటెన్షన్ లైనో ఉంటే ఇంకా ఎత్తు. చుట్టూ ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తైనదాని మీద ఇరవై మీటర్లు కలిపి పెట్టండి. జీపీఎస్ కుదిరి, హోమ్ పాయింట్ (తిరిగి రావాల్సిన చోటు) నమోదైందని యాప్ చెప్పేదాకా లేపకండి. పడవ మీంచి ఎగరేస్తే హోమ్ పాయింట్ నీళ్లలో ఉండిపోతుంది, పడవ ముందుకు సాగిపోతుంది. అది కొత్తవాళ్ల పని కాదు.

మన ప్రాంతంలో డ్రోన్‌తో నిజంగా బాగా వచ్చే దృశ్యాలు ఏవి?

నీళ్లు నేలను కలిసే చోట్లు. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. వానలు తగ్గిన తర్వాత నెలల్లో మట్టిరంగు నది, దాని ముందు ఇసుక మేట, అవతల నీలం, మూడూ ఒకే ఫ్రేములో పడతాయి. కెమెరాను పూర్తిగా కిందికి వంచి తీస్తే ఆ రంగుల గీత తెలుస్తుంది. వంగర మండలం సంగంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. అక్కడ మూడు ధారలూ ఎటునుంచి వస్తున్నాయో నేల మీద నిలబడితే సరిగ్గా తెలియదు.

కొత్తగా కొన్నవాళ్లంతా 120 మీటర్లకు ఎక్కించి తీస్తారు. అంత ఎత్తు నుంచి ఏ ఊరైనా ఒకేలా ఉంటుంది. ముప్ఫై నలభై మీటర్ల దగ్గర ఆగి చూడండి. ఒడ్డున వరసగా పెట్టిన పడవల మీద రంగులు, వల లాగుతున్నవాళ్ల పొడుగాటి నీడలు కనిపించేది అక్కడే. పలాస జీడితోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎర్రమట్టి కనిపించేది కూడా ఆ ఎత్తులోనే.

వెలుగు ఉండేది కాసేపే. జూన్‌లో మన తీరంలో సూర్యుడు అయిదున్నరకు ముందే వస్తాడు, జనవరిలో ఆరున్నర దగ్గర. అరగంట ముందే ఒడ్డున ఉండండి. సూర్యుడు పైకొచ్చిన మొదటి గంటలో మూడు బ్యాటరీలూ వాడేయొచ్చు. తొమ్మిది దాటాక తీసే బీచ్ ఫొటో చప్పగా ఉంటుంది.

ఊళ్లోవాళ్లు అభ్యంతరం చెబితే?

వెంటనే దింపేయండి. వాళ్ల ఊరు అది. ఏటి ఒడ్డున ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారు, బట్టలు ఉతుకుతుంటారు. పైన ఏదో గిరగిరా తిరుగుతుంటే ఎవరికైనా కోపం వస్తుంది. ఎగరేసే ముందే రచ్చబండ దగ్గర ఉన్న పెద్దవాళ్లకు ఏం చేస్తున్నారో చెప్పండి. "ఏటి బాబూ అది?" అని అడిగితే స్క్రీన్ చూపించండి. తమ ఊరిని పైనుంచి చూసిన పెద్దాయన మా చెరువు వైపు కూడా తిప్పు అంటాడు. వాళ్ల ఫోన్‌కు ఒక ఫొటో పంపితే రెండోసారి వెళ్లినప్పుడు ఎవరూ అడ్డం చెప్పరు.

కొన్న రోజే బీచ్‌కు తీసుకెళ్లొచ్చా?

ముందు ఇంట్లో అప్‌డేట్లన్నీ చేసుకోండి. ఒడ్డున సిగ్నల్ దొరకదు, అప్‌డేట్ అయ్యేదాకా డ్రోన్ లేవనంటుంది. తర్వాత కోతలయ్యాక ఖాళీగా ఉన్న పొలంలో, చుట్టూ తీగలు లేని చోట, డ్రోన్ ముఖం మీకు ఎదురుగా పెట్టి నడపడం నేర్చుకోండి. అప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అందరూ తడబడేది అక్కడే. అది చేతికి అలవాటయ్యాక నీళ్ల మీదికి పంపండి.